డెట్రాయిట్ నది ఒడ్డున మన పోరగాండ్లు

2019 ఫిబ్రవరి మొదటి వారంలో ఒకరోజు తెల్లవారుజామున ఐదింటికి ఫోన్ మోగింది. మిషిగన్‌లో ఆ వేళకు మోగిందంటే అది మరిపెడ నుంచే. అక్కడ మధ్యాహ్నం మూడున్నర అయి ఉంటుంది.

"కొడుకా, మా చిన్నోడు నాలుగు దినాలాయె ఫోను ఎత్తుతలేడు. టీవీల ఏందేందో చెప్తున్నరు. నువ్వు ఆడనే ఉంటవట గదా, జర పోయి చూసి రారాదు బిడ్డా."

మా వాడకట్టు మనిషి, వరుసకు అత్తయితది. మరిపెడ బంగ్లా దగ్గర బస్సెక్కి మానుకోటకు పోయొచ్చినంత సులువుగా అడిగింది. ఆమె చెప్పిన ఊరు నిజానికి మా ఇంటికి గంటన్నర దూరమే. కానీ పిల్లవాడు ఆ ఊర్లోని తన గదిలో లేడు. తలుపు కొడితే పక్కింటి నల్లాయన బయటికొచ్చి, బుధవారం పొద్దున ఎవరో వచ్చి తీసుకెళ్లారని చెప్పాడు. బుధవారమంటే జనవరి 30. మంచుగాలి పుట్టి మిషిగన్ అంతటా బడులు మూసేసిన రోజు. ఆ చలిలో ఏ బట్టల మీద తీసుకెళ్లారో అని నాకు మొదట వచ్చిన ఆలోచన అదే.

పట్టుకుపోయింది ఐస్ వాళ్లు. ఇమ్మిగ్రేషన్ అండ్ కస్టమ్స్ ఎన్‌ఫోర్స్‌మెంట్ అనే శాఖను ఇక్కడందరూ ముద్దుగా కాకపోయినా పొట్టిగా అలాగే పిలుస్తారు. వాళ్ల దగ్గర బందీగా ఉన్న మనిషిని వెతకడానికి ఇంటర్నెట్‌లో ఒక పేజీ ఉంది. పేరు, ఇంటిపేరు, పుట్టిన దేశం కొట్టాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా అలాంటి మనిషి లేడంటుంది. మన పాస్‌పోర్టుల సంగతి మీకు తెలుసు. ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి అసలే ఉండదు, కొందరికి మూడు ముక్కలు కలిపి ఒకే పేరుగా ఉంటుంది. నేను నాలుగు విధాలుగా కొట్టాను. ఐదోసారి, పేరును ఇంటిపేరుగా ఇంటిపేరును పేరుగా మార్చి కొడితే దొరికాడు. మిషిగన్‌లోనే ఒక కౌంటీ జైలు. దొరికినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

తర్వాత కలిసినప్పుడు వాడు చెప్పిన మాట ఇది. "అన్నా, ఫోను గుంజుకున్నరు. నాకు యాదికున్నది అమ్మ నంబరు ఒక్కటే. జైలు ఫోను నుంచి ఇండియాకు పోదన్నరు." అమెరికాలో ఐదారు వందల మంది వాడికి ఫేస్‌బుక్ స్నేహితులున్నారు. ఒక్కరి నంబరు కూడా నోటికి రాదు.

ఇక్కడ జరిగిందేమిటో పేపర్లలో మీరు చదివే ఉంటారు. మళ్లీ చెప్తాను, ఎందుకంటే ఊరికి వచ్చినప్పుడల్లా "అంత పెద్ద సర్కారు దొంగ కాలేజీ పెడ్తదా?" అని అడుగుతూనే ఉన్నారు. పెట్టింది. పేరు యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్. డెట్రాయిట్ శివారు ఫార్మింగ్టన్ హిల్స్‌లో, నార్త్‌వెస్టర్న్ హైవే పక్క ఆఫీసు భవనాల్లో ఒక అంతస్తులో కొన్ని గదులు. ఆ రోడ్డు మీద నేను వారానికి రెండుసార్లన్నా పోతాను. వెబ్‌సైట్ ఉంది, లాటిన్‌లో నినాదం ఉంది, ముద్ర ఉంది. విద్యార్థులను చేర్చుకోవడానికి అనుమతి ఉన్న సంస్థల జాబితాలో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ దాని పేరు పెట్టింది. లేనివల్లా మూడే: క్లాసు, పంతులు, పాఠం. 2015లో మొదలైన ఆ సంస్థలో 2017 నుంచి యజమానులు, ఉద్యోగులుగా నటించింది ఐస్ ఏజెంట్లే. సుమారు 600 మంది చేరారు. అందులో చాలామంది మన తెలుగు పిల్లలు. ఎంఎస్ అయిపోయి, హెచ్‌-1బి లాటరీలో పేరు రాక, ఇంకో ఏడాది ఇక్కడ పని చేసుకునే వీలు కోసం ఏదో ఒక కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం పట్టుకుని వేలాడుతున్నవాళ్లు. తలకింత అని డబ్బు తీసుకుని వాళ్లను చేర్పించిన ఎనిమిది మంది మీద కేసులు పెట్టారు. పేర్లు చూస్తే అందరూ మనవాళ్లే. అందరూ నేరం ఒప్పుకున్నారు, జైలుకు పోయారు.

మొదటి విడతలో పట్టుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు. ఆ ఏడాది నవంబరు నాటికి అరెస్టయిన వాళ్లు 250కి చేరారు. వాళ్లలో పదింట ఎనిమిది మంది 'వాలంటరీ డిపార్చర్' కింద తమ ఖర్చుతో తామే వెళ్లిపోయారు. సర్కారు వాదన ఏమిటంటే, ఈ పిల్లలకు అక్కడ చదువు లేదని తెలుసు, తెలిసే చేరారు. కొందరి విషయంలో ఆ మాట నిజమే, దాచడమెందుకు. కానీ ఫీజు తీసుకున్నది కూడా సర్కారే కదా. ఆ డబ్బు వాపసు కోసం ఒక విద్యార్థి అందరి తరఫునా కేసు వేశాడు. కింది కోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో అప్పీలు కోర్టు ఆ కేసు నడవొచ్చని చెప్పింది. డబ్బు తీసుకుని చదువు చెప్తానని మాటిచ్చినవాడు సర్కారైనా సరే, ఆ మాటకు కోర్టులో జవాబు చెప్పాల్సి వస్తుందన్నది దాని సారం.

ఇదే మొదటిసారి కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడింది. అది సర్కారు పెట్టింది కాదు, ఒకావిడ లాభానికి నడిపిన దుకాణం. 1,500 మందికి పైగా విద్యార్థులు, నూటికి తొంభై ఐదు మంది భారతీయులు, అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలే ఎక్కువ. వందల మంది సన్నీవేల్‌లోని ఒకే అపార్టుమెంటు చిరునామాలో ఉన్నట్టు కాగితాల్లో రాసి ఉంది! కొందరి కాళ్లకు రేడియో కడియాలు తగిలించారు. ఇక్కడ గొప్పవాళ్లు కూడా వాటిని ఫ్యాషన్‌గా వేసుకుంటారని హైదరాబాద్ కాన్సులేట్ అధికారి ఒకరు అనడం, దాని మీద రేగిన గొడవ గుర్తుండే ఉంటుంది. నడిపినావిడకు పదహారేళ్ల శిక్ష పడింది. పిల్లల్లో కొందరు వేరే కాలేజీలకు మారగలిగారు. మిగతావాళ్లు తట్టాబుట్టా సర్దుకున్నారు.

సరే, మా చిన్నోడి సంగతికి వస్తాను. జైలు దొరికింది, ఇప్పుడేం చేయాలి? నాకు పదిహేనేళ్ల అమెరికా అనుభవం, మంచి ఉద్యోగం, నొవైలో సొంతిల్లు. లాయరెవరంటే ఇల్లు కొన్నప్పుడు కాగితాలు చూసినాయన తప్ప ఎవరూ తెలియదు. అప్పటికే అమెరికన్ తెలంగాణ అసోసియేషన్ వాళ్లు విద్యార్థుల కోసం సలహాలు, సమావేశాలు మొదలుపెట్టారు. మరికొన్ని తెలుగు సంఘాలూ కదిలాయి. వాషింగ్టన్‌లోని మన ఎంబసీ 24 గంటల ఫోన్ నంబర్లు ప్రకటించింది, ఢిల్లీలో మన విదేశాంగ శాఖ అమెరికా ఎంబసీకి నిరసన పత్రం ఇచ్చింది. ఒక సంఘం వాట్సాప్ గ్రూపులో నంబర్ల జాబితా వచ్చింది. వరుసగా కొట్టుకుంటూ పోతే నాలుగో నంబరు ఒక అమెరికన్ లాయరమ్మది. ఫీజు గురించి మాట్లాడలేదు. పిల్లవాడి పేరు కూడా అడగలేదు. మొదటి ప్రశ్న: "ఏమైనా సంతకం పెట్టాడా?"

అప్పటికి తెలియలేదు గానీ మొత్తం కథ ఆ ప్రశ్నలోనే ఉంది. బెదిరిపోయిన పిల్లలు ముందు పెట్టిన కాగితం మీదల్లా సంతకం పెడతారు. జడ్జిని చూడకుండానే వెళ్లిపోతామని ఒప్పుకున్నట్టు అవుతుంది. డిపోర్ట్ చేసినట్టు ముద్ర పడితే పదేళ్ల వరకు ఈ దేశంలో అడుగుపెట్టడం కష్టం. తనంతట తాను వెళ్లిపోయినట్టు జడ్జి దగ్గర రాయించుకుంటే ఆ ముద్ర తప్పుతుంది. మా చిన్నోడు సంతకం పెట్టలేదు. ధైర్యం వల్ల కాదు, అద్దాలు గదిలో మరిచిపోవడం వల్ల. కాగితంలో ఏముందో కనబడలేదట.

ఇంకొకటి మీరు తెలుసుకోవాలి. అమెరికాలో దొంగతనం చేసినవాడికి, హత్య చేసినవాడికి కూడా లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే సర్కారే ఇస్తుంది. డిపోర్టేషన్ కేసులో ఇవ్వదు. చట్టం దృష్టిలో అది శిక్ష కాదు, సివిల్ వ్యవహారం. అందుకని బడికి పోయే పిల్లవాడు కూడా ఒంటరిగా జడ్జి ముందు నిలబడాల్సి వస్తుంది. సర్కారు తరఫున మాత్రం లాయరు ఉంటాడు. పిల్లల పక్కన ఆ ఖాళీ కుర్చీలో కూర్చునేది మిషిగన్ ఇమ్మిగ్రెంట్ రైట్స్ సెంటర్ లాంటి సంస్థలు, చర్చిలు, లా కాలేజీ విద్యార్థులు, ఆదివారాలు ఖర్చు పెట్టుకునే మామూలు లాయర్లు. మా లాయరమ్మ అలాంటిదే. "మీరింత తొందరగా ఎట్లా కదిలారు?" అని అడిగితే, "రెండేళ్ల కింద ఇరాకీల కోసం కట్టుకున్న ఫోన్ చెట్టు ఇంకా ఎండిపోలేదు" అంది.

ఆ మాట పట్టుకుని నేను ఈ ఊరి చరిత్ర చదవడం మొదలుపెట్టాను. పదిహేనేళ్లు ఉన్న ఊరు. కార్ల ఊరనీ, దివాళా తీసిన ఊరనీ తప్ప ఏమీ తెలియకుండా ఉన్నాను. సిగ్గనిపించింది.

డెట్రాయిట్ అంటే ముందు నది. మరిపెడ పక్క మన ఆకేరు లాగా ఎండాకాలం ఇసుక తేలి, వానలకు విరుచుకుపడే వాగు కాదు. నిండుగా, నీలంగా, ఓడలు పోయేంత లోతుగా ఏడాది పొడుగూ పారుతుంది. ఇరుకైన చోట వెడల్పు అర మైలు. అవతల కెనడా. మ్యాపు చూడండి, కెనడా మొత్తం అమెరికాకు ఉత్తరాన ఉంటే మాకు మాత్రం దక్షిణాన ఉంటుంది. ఇక్కడ నది అలా వంపు తిరిగింది.

1831 జూలైలో కెంటకీ రాష్ట్రం లూయీవిల్ నుంచి థార్న్‌టన్ బ్లాక్‌బర్న్ అనే బానిస కుర్రవాడు, అతని భార్య లూసీ, స్వేచ్ఛ ఉన్నట్టు దొంగ కాగితాలు పట్టుకుని పడవెక్కి పారిపోయారు. థార్న్‌టన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లుంటాయి. డెట్రాయిట్ చేరి రాతిపని చేసుకుంటూ రెండేళ్లు బతికారు. 1833 జూన్‌లో యజమానుల మనుషులు వచ్చి పట్టుకున్నారు. పారిపోయిన బానిసను యజమానికి అప్పగించాలని 1793 నాటి కేంద్ర చట్టం ఉంది. జడ్జి ఆ చట్టం చదివి, అప్పగించమన్నాడు. అంటే ఈ ఊర్లో నాకు తెలిసిన మొదటి డిపోర్టేషన్ ఆర్డరు అది. కాగితాలు లేని కుర్రవాళ్లు, కాగితాలు చూసే జడ్జి.

తర్వాత జరిగింది నేను మా ఆఫీసులో అందరికీ చెప్పాను, తెల్లవాళ్లలోనే సగం మందికి తెలియదు. ఆదివారం నాడు ఇద్దరు నల్లజాతి ఆడవాళ్లు, శ్రీమతి ఫ్రెంచ్, శ్రీమతి లైట్‌ఫుట్, జైల్లో లూసీని చూడ్డానికి వెళ్లారు. పొద్దుపోయేదాకా కూర్చుని ఏడ్చారు. చీకటి పడ్డాక ముఖాలకు గుడ్డలు అడ్డం పెట్టుకుని ఇద్దరాడవాళ్లు ఏడ్చుకుంటూ బయటికి వచ్చారు. తెల్లారి చూస్తే లోపలున్నది శ్రీమతి ఫ్రెంచ్. ఆమె బట్టలు వేసుకుని లూసీ నది దాటిపోయింది. సోమవారం థార్న్‌టన్‌ను పడవ దగ్గరికి తీసుకుపోతుంటే వందల మంది కర్రలతో అడ్డం పడ్డారు. షెరీఫ్‌కు తీవ్రంగా దెబ్బలు తగిలాయి. గొడవలో కుర్రవాణ్ని బండిలో వేసుకుని నదివైపు పరుగెత్తారు. పడవవాడు డబ్బిస్తేనే ఎక్కిస్తానంటే ఎవరో తమ బంగారు గడియారం తీసి ఇచ్చారట. కెనడా వాళ్లూ కొన్నాళ్లు జైల్లో పెట్టారు గానీ అప్పగించమని అమెరికా అడిగితే ఒప్పుకోలేదు. ఆ ఇద్దరూ టొరంటో పోయి, 1837లో ఆ ఊరికి మొదటి గుర్రబ్బండి టాక్సీ నడిపారు.

తియ్యటి కథగా ఆపేయొచ్చు. కానీ మిగిలినవాళ్ల సంగతేమిటి? డెట్రాయిట్‌లో నల్లవాళ్ల మీద కర్ఫ్యూ పెట్టారు. రాత్రి లాంతరు లేకుండా కనబడితే పట్టుకున్నారు. చాలా కుటుంబాలు ఇళ్లు వదిలి నది దాటిపోయాయి. ఒక్క జంటను కాపాడినందుకు ఒక వాడంతా మూల్యం చెల్లించింది.

చదువుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. రజాకార్ల కాలంలో మా ఇంట్లో ఒక పిల్లవాణ్ని వడ్ల గుమ్మిలో దాచిందట. ఎవరి కొడుకో తెలియదు, పేరు కూడా అడగలేదు. సిపాయిలు ఇల్లంతా చెదరగొట్టి, మా తాతను కొట్టిపోయారు. "తర్వాత ఆ పిలగాడు వచ్చిండా నాయనమ్మా?" అని అడిగితే, "ఎందుకొస్తడు, పని ఉండె, ఉన్నడు, పోయిండు" అనేది. మన దిక్కు జనం బండ్లు కట్టుకుని సరిహద్దు దాటి కృష్ణా జిల్లాకు పారిపోయిన రోజులవి. అక్కడివాళ్లు శిబిరాలు పెట్టి గంజి పోశారు. మనం శరణార్థులుగా ఉన్న ఏడాది ఒకటి మన పెద్దల జ్ఞాపకంలో ఉంది. దాన్ని మనం పోరాటం పేరుతో చెప్పుకుంటాం గానీ శరణార్థి అనే మాటతో చెప్పుకోం.

బ్లాక్‌బర్న్ జంట పోయిన మూడేళ్లకు, 1836లో, బానిసత్వం నుంచి బయటపడ్డ పదమూడు మంది కలిసి ఇక్కడ సెకండ్ బాప్టిస్ట్ చర్చి పెట్టారు. దాని నేలమాళిగలో సుమారు 5,000 మంది పారిపోయి వచ్చినవాళ్లను దాచి నది దాటించారని చెబుతారు. దాచేవాళ్ల రహస్య భాషలో డెట్రాయిట్ పేరు 'మిడ్‌నైట్', అర్ధరాత్రి. నది ఒడ్డున హార్ట్ ప్లాజాలో 2001లో పెట్టిన కంచు విగ్రహాలున్నాయి. కొందరు మనుషులు మూటలతో నిలబడి, ఒకతను అవతలి ఒడ్డును వేలితో చూపిస్తుంటాడు. పిల్లలతో ఎన్నోసార్లు అక్కడ ఫోటోలు దిగాను. ఎవరి బొమ్మలో చదవలేదు.

అదే నది పక్కన 1701లో మొదలైన సెయింట్ ఆన్ చర్చి ఉంది. దాని పాత కాన్వెంటులో ఫ్రీడమ్ హౌస్ అనే ఆశ్రయం చాలా ఏళ్లు నడిచింది. మొదలైంది 1983లో. అప్పుడు ఎల్‌సాల్వడార్, గ్వాటెమాలాలో అంతర్యుద్ధం. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన కుర్రవాళ్లను అమెరికా శరణార్థులుగా ఒప్పుకోలేదు. వాళ్లను చంపుతున్న ప్రభుత్వాలకు ఆయుధాలు ఇస్తున్నది తానే కాబట్టి ఒప్పుకుంటే పరువు పోతుంది. నూటికి ముగ్గురికి కూడా ఆశ్రయం దొరకలేదు. దాంతో 1982 మార్చి 24న అరిజోనాలోని టూసాన్‌లో సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి పాస్టరు జాన్ ఫైఫ్, ఇది శరణాలయం అని బోర్డు కట్టి బాహాటంగా ప్రకటించాడు. కొన్నేళ్లలో వందల చర్చిలు, యూదుల ప్రార్థనా మందిరాలు కలిసివచ్చాయి. సర్కారు చర్చి సమావేశాల్లోకి వేగులను టేపు రికార్డర్లతో పంపింది. 1986లో ఎనిమిది మందికి నేరం రుజువైంది, జైలుకు పంపకుండా ప్రొబేషన్‌తో వదిలారు. చర్చిలూ ఊరుకోలేదు, ఆ తీర్పుకు ముందే సర్కారు మీద ఎదురు కేసు వేశాయి. 1991లో సర్కారు రాజీకొచ్చి, తిరస్కరించిన వేల దరఖాస్తులను మళ్లీ వినడానికి ఒప్పుకుంది. డెట్రాయిట్ ఫ్రీడమ్ హౌస్ ఆ కాలపు బిడ్డ. ఇక్కడికొచ్చి, పక్కనున్న వంతెన దాటి కెనడాలో ఆశ్రయం అడగాలనుకునేవాళ్లకు కూడు, గూడు, లాయరు ఇచ్చేది.

మా లాయరమ్మ చెప్పిన ఇరాకీల గొడవ 2017 నాటిది. డెట్రాయిట్ చుట్టుపక్కల కల్దియన్లు చాలామంది. ఇరాక్ క్రైస్తవులు. మన దిక్కు కిరాణా కొట్టు కోమట్లది అన్నట్టే ఇక్కడ మూలమూలకు చిన్న దుకాణం కల్దియన్లది. జూన్ 11 ఆదివారం ఐస్ వాళ్లు వందకు పైగా ఇరాకీలను ఇళ్ల నుంచి పట్టుకున్నారు. ఎప్పుడో కుర్రతనంలో ఒక కేసులో ఇరుక్కుని, శిక్ష కూడా అనుభవించి, డిపోర్టేషన్ ఆర్డరు ఉన్నా ఇరాక్ తీసుకోనందువల్ల ఇక్కడే ఉండిపోయినవాళ్లు. దేశమంతా అలాంటివాళ్లు 1,400 మంది. తల్లులు, పిల్లలు ఫెడరల్ భవనం ముందు శిలువలు పట్టుకుని కూర్చున్నారు. ఏసీఎల్‌యూ అనే పౌరహక్కుల సంస్థ మిషిగన్ శాఖ కేసు వేసింది. పది రోజులు తిరక్కుండానే ఫెడరల్ జడ్జి మార్క్ గోల్డ్‌స్మిత్ పంపడం ఆపించాడు. ఆ ఆగిన కాలంలో లాయర్లు ఒక్కొక్కరి ఫైలు తెరిపించారు. ఎందరో విడుదలయ్యారు. తర్వాత పైకోర్టు ఆ స్టే కొట్టేసింది. 2019లో పంపేసిన వాళ్లలో ఒకాయన గ్రీసులో పుట్టి, పసిగుడ్డుగా అమెరికా వచ్చాడు, ఇరాక్ మొహం చూడలేదు, అరబ్బీ రాదు. షుగరు రోగి. ఇరాక్‌లోని నజఫ్‌లో దింపిన రెండు నెలలకు బాగ్దాద్‌లో చనిపోయాడు.

ఇదంతా మీకెందుకు చెప్తున్నానంటే, మా చిన్నోడి కోసం ఎత్తిన ఫోను ఆ తల్లుల కోసం పెట్టుకున్న ఫోను. అది వాడి కోసం పెట్టింది కాదు. వాడు శరణార్థి కాదు, వెనక్కి పోతే ప్రాణం పోయే మనిషి కాదు. పోయేది రెండెకరాల మిరప చేను మీద తెచ్చిన అప్పు. తేడా చిన్నది కాదు, దాన్ని చెరిపేయడం నాకు ఇష్టం లేదు. అయినా లాయరమ్మ ఆ తేడా అడగలేదు.

అడిగింది మనవాళ్లు. అరెస్టులైన వారంలోనే ఒక ఇంట్లో భోజనాల దగ్గర మాట వచ్చింది. "రూల్సు పాటించేవాడికి భయమెందుకు?" అన్నాడొకాయన. "ఇట్లాంటోళ్ల వల్లనే మన హెచ్‌-1బిలకు చెడ్డపేరు" అంది ఇంకొకావిడ. నేనూ తలూపాను, ఒప్పుకుంటున్నాను. మరుసటి రోజే తెల్లవారుజామున మరిపెడ నుంచి ఫోన్ రాకపోతే ఇప్పటికీ ఊపుతూనే ఉండేవాణ్ని.

మనం రూల్సు పాటించి వచ్చామనే గర్వానికి కూడా ఒక చరిత్ర ఉంది. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారని తేల్చింది. అప్పటికే పౌరులైన పదుల మంది పౌరసత్వాన్ని వెనక్కి లాక్కున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపిన వైష్ణోదాస్ బగాయ్ ఆ అవమానం తట్టుకోలేక 1928లో ప్రాణం తీసుకున్నాడు. ఆయన రూల్సన్నీ పాటించినవాడే. 1946లో తలుపు కొద్దిగా తెరిచి ఏడాదికి వంద మంది భారతీయులను రానిస్తామన్నారు. మనలాంటివాళ్లు వేలల్లో రావడానికి దారి తీసిన చట్టం 1965ది. నల్లవాళ్లు ఓటు హక్కు కోసం దెబ్బలు తిన్న ఏడాదే అది వచ్చింది, అది కాకతాళీయం కాదు. వాళ్ల వీపుల మీది వాతలు మన వీసా స్టాంపులు. మన సంఘాలు మహాసభలకు సినిమా వాళ్లను పిలవడానికి పెట్టే ఖర్చులో పదో వంతు, ఒక్క ఏడాది, ఇక్కడి న్యాయ సహాయ సంస్థలకు ఇస్తే బాగుండు. నేను ఈ మాట సభలో అంటే చప్పట్లు కొట్టారు. తర్వాత పాటల కార్యక్రమం మొదలైంది.

మా చిన్నోడు మార్చిలో వెళ్లిపోయాడు. లాయరమ్మ జడ్జి దగ్గర వాలంటరీ డిపార్చర్ రాయించింది, టికెట్ మేం కొన్నాం. విమానాశ్రయంలో వాడి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో జైల్లో తీసుకున్న బెల్టు, పర్సు, సచ్చిన ఫోను. అద్దాలు కొత్తవి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అప్పు తీరడానికి ఐదేళ్లు పట్టింది.

తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు ఈ వ్యవహారం. 2025 ఏప్రిల్‌లో దేశమంతా వేల మంది విదేశీ విద్యార్థుల రికార్డులను సెవిస్ అనే సర్కారు డేటాబేస్‌లో ఒక్క దెబ్బకు రద్దు చేశారు. కొందరికి కారణం చెప్పలేదు, కొందరికి ఎప్పుడో పడ్డ ట్రాఫిక్ చలానాయే కారణం. మిషిగన్‌లో నలుగురు విద్యార్థుల తరఫున ఏసీఎల్‌యూ వాళ్లే కోర్టుకు పోయారు. ఒకరు భారత్, ఒకరు నేపాల్, ఇద్దరు చైనా. దేశమంతా కేసుల మీద కేసులు పడేసరికి అదే నెలాఖరుకు సర్కారు రికార్డులు తిరిగి పెట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాతి నెలలో, నైరుతి డెట్రాయిట్ హైస్కూల్లో చదువు ఇంకొద్దిగా మిగిలి ఉన్న ఒక కొలంబియా కుర్రవాణ్ని పట్టుకున్నారు. బడి పిల్లలు, పంతుళ్లు స్కూలు బోర్డు ముందుకు వచ్చి, పట్టా తీసుకునేదాకా ఉండనివ్వండని అడిగారు. ఉండనివ్వలేదు, పంపేశారు.

అతని కోసం జరిగిన ఒక నిరసనకు నేను పోయాను. మా ఆఫీసు నుంచి ఇరవై నిమిషాలు. అక్కడ లెక్క పెట్టుకుంటే భారతీయులం ముగ్గురం. ఒక బడి పంతులమ్మ నా చేతిలో అట్ట పెట్టింది, ఎవరు నువ్వని అడగలేదు. స్పానిష్‌లో ఏదో రాసి ఉంది. అర్థం తెలియకుండానే గంటన్నర పట్టుకుని నిలబడ్డాను. తర్వాత అడిగితే, "మా పిల్లవాణ్ని ఇంటికి పంపండి" అని చెప్పింది.

మరిపెడలో, మానుకోటలో, డోర్నకల్‌లో పిల్లలను అమెరికా పంపుతున్న తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. కన్సల్టెన్సీ వాడు మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని చెప్పిన కాలేజీలో క్లాసులు జరుగుతాయో లేదో ఇక్కడున్న ఎవరినైనా అడిగి చూసుకోండి, చూసే దాకా ఫీజు కట్టకండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టవద్దని, లాయరు కావాలని అడగడం తప్పు కాదని పిల్లలకు చెప్పండి. పచ్చళ్ల పెట్టె కట్టే ముందు, అమెరికాలోనే ఉండే ఒక మనిషి ఫోన్ నంబరు, పది అంకెలు, వాళ్ల నోటికి వచ్చేదాకా పలికించండి. ఎవరూ లేకపోతే నాది ఇస్తాను. మా అత్త దగ్గర ఉంది.